గుమ్మం బయట నిలబడ్డ మనిషి

ఒక సంస్థ అసలు ఏం చేస్తోందో తెలుసుకోవాలంటే అది చెప్పుకునే ఆశయాల కన్నా దాని రోజువారీ వేళల పట్టిక చదవడం మేలు. మోర్మన్ మిషనరీల విషయంలో ఇది మరీ నిజం. ఇరవై ఒకటో శతాబ్దం మొదట్లో వాళ్లు ఏ దేశంలో ఉన్నా రోజు ఇంచుమించు ఒకేలా నడిచేది. ఉదయం ఆరున్నరకు లేవాలి. కాసేపు వ్యాయామం, స్నానం, ఫలహారం. ఎనిమిదింటికి ఎవరికి వాళ్లు గ్రంథం చదువుకోవాలి, తొమ్మిదింటికి జంటగా పనిచేసే ఇద్దరూ కలిసి చదవాలి, పదింటికి వీధిలోకి దిగాలి. రాత్రి తొమ్మిదిన్నర లోపు బసకు చేరాలి, పదిన్నరకు దీపం ఆర్పాలి. బట్టలు ఉతుక్కోవడానికి, సరుకులు తెచ్చుకోవడానికి, ఇంటికి ఉత్తరం రాయడానికి వారానికి ఒక్క రోజు. జంటలో ఒకరి కంటికి ఒకరు మరుగు కాకూడదు, స్నానాల గది ఒక్కటే మినహాయింపు. తెల్లచొక్కా, టై, జేబు మీద నల్లటి పేరుపలక. ఆ పలక మీద పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల కుర్రాడి పేరు ముందు ‘ఎల్డర్’ అని ఉంటుంది. మన తెలుగు బైబిల్లో ఆ మాటకు ‘పెద్ద’ అని అర్థం చెప్పారు. మీసాలు సరిగ్గా రాని పెద్దలన్నమాట. అబ్బాయిలకు రెండేళ్లు, అమ్మాయిలకు ఏడాదిన్నర. జీతం ఉండదు సరికదా, ఖర్చు కూడా వాళ్లో వాళ్ల కుటుంబమో పెట్టుకోవాలి. (‘మోర్మన్’ అన్న పిలుపు వద్దని, తమ సంఘాన్ని పూర్తి పేరుతోనే పిలవాలని 2018లో వాళ్ల అధ్యక్షుడు కోరాడు. చరిత్ర చెప్పేటప్పుడు మాత్రం ఆ పాత పేరు తప్పించుకోవడం కష్టం.) ఈ పట్టికను, దాని వెనకున్న రెండు వందల ఏళ్ల చరిత్రను కలిపి చూస్తే నాకు తోచేది ఒకటే. తలుపు తెరిచిన గృహస్థుణ్ణి మార్చడానికని పుట్టిన ఏర్పాటు ఇది. కాలక్రమంలో తలుపు తట్టినవాణ్ణే మార్చే ఏర్పాటుగా కుదురుకుంది. ఎవరో ఒకరోజు కూర్చుని వేసిన పథకం కాదు. ఒక్కో వైఫల్యం నుంచి ఒక్కో నియమం పుట్టి అలా పేరుకుంది.

మొదట్లో పట్టికా లేదు, పాఠాలూ లేవు. 1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో ఈ సంఘం ఏర్పడింది. స్థాపకుడు జోసెఫ్ స్మిత్ తమ్ముడు శామ్యూల్ ఆ ఏడే కొత్తగా అచ్చయిన మోర్మన్ గ్రంథం ప్రతులు సంచిలో వేసుకుని చుట్టుపక్కల ఊళ్లకు బయల్దేరాడు. ఆ తరం మిషనరీలు కుర్రాళ్లు కారు, పెళ్లాం బిడ్డలున్న రైతులూ వడ్రంగులూ కుమ్మరులూ. ఎంతకాలమని లెక్క లేదు, పిలుపు వస్తే వెళ్లాలి, పొమ్మనేదాకా ఉండాలి. సువార్తల్లో యేసు శిష్యులకు చెప్పినట్టే డబ్బు సంచీ జోలె లేకుండా, ఇద్దరిద్దరుగా, ఎవరు పెడితే వాళ్లింట తింటూ తిరగాలి. మన దగ్గర వారాలు చేసుకుని చదువుకున్న కుర్రాళ్లు గుర్తొస్తారు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో. తేడా ఏమిటంటే వారాలబ్బాయికి ఏ రోజు ఎవరిల్లో ముందే తెలుసు, వీళ్లకు తెలియదు. 1839 సెప్టెంబరులో సంఘ నాయకులు బ్రిగమ్ యంగ్, హీబర్ కింబాల్ ఇంగ్లండుకు బయల్దేరినప్పుడు ఇద్దరినీ చలిజ్వరం పట్టి ఊపేస్తోంది. యంగ్ భార్యకు కాన్పయి పది రోజులు. కింబాల్ ఇంట్లో ఇంచుమించు అందరూ మంచాల మీదే. బండి కొంత దూరం వెళ్లాక, భార్యలను ఇలా దిగులుపెట్టి పోవడం బాగాలేదని కింబాల్ బండి ఆపించాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని బండిలో లేచి నిలబడి, టోపీలు ఊపుతూ మూడుసార్లు జయధ్వానం చేశారు. ఆ కేక విని ఆడవాళ్లు లేచి గుమ్మంలోకి వచ్చారు. అంతకన్నా ఏర్పాట్లు లేని ప్రయాణం ఊహించలేం.

అయినా ఆ ఏర్పాట్లు లేని కాలంలోనే వాళ్లకు అసాధారణమైన పంట పండింది. 1837 జూలైలో కింబాల్ నాయకత్వంలో తొలి బృందం లివర్‌పూల్‌లో దిగి, మిల్లుల పట్టణం ప్రెస్టన్‌కు చేరింది. జూలై 30న రిబుల్ నదిలో తొమ్మిది మంది బాప్తిస్మం పొందారు. మొదటి స్థానం ఎవరిదన్న మాట వచ్చి, ఇద్దరు నది ఒడ్డు దాకా పరుగు పందెం వేసుకున్నారు. గెలిచిన జార్జ్ వాట్ పేరు చరిత్రలో నిలిచింది. 1840లో మరో మిషనరీ విల్‌ఫర్డ్ వుడ్రఫ్ హియర్‌ఫర్డ్‌షైర్‌లో జాన్ బెన్‌బో అనే రైతు పొలంలో బోధిస్తే, మెథడిస్టుల నుంచి చీలి ‘యునైటెడ్ బ్రెదరెన్’ అని పిలుచుకుంటున్న ఒక సమాజం, సుమారు 600 మంది, దాదాపు మొత్తంగా ఇటు వచ్చేసింది. 1851 నాటికి బ్రిటన్‌లో మోర్మన్లు 30,000 పైచిలుకు. అప్పటికి సంఘానికి కేంద్రమైన యూటాలో ఉన్నవాళ్ల కన్నా వీళ్లే ఎక్కువ. ఇది బోధకుల వాక్పటిమ అనుకుంటే పొరపాటు. ప్రెస్టన్‌లో వాళ్లకు మొదట ప్రసంగవేదిక ఇచ్చిన పాస్టరు బృందంలో ఉన్న జోసెఫ్ ఫీల్డింగ్‌కు స్వయానా అన్న. తన మందలోంచి మనుషులు జారిపోతున్నారని గ్రహించాక ఆయన తలుపు మూశాడనుకోండి, అది వేరే సంగతి. అంతకుముందే ఉత్తరాలు నడిచాయి, బంధుత్వం ఉంది, బైబిలు కంఠతా వచ్చిన శ్రోతలున్నారు, పాత చర్చిల మీద అసంతృప్తి ఉంది. మిషనరీలు నిప్పు తెచ్చారు నిజమే. కట్టెలు మాత్రం అక్కడే ఎండి ఉన్నాయి.

కట్టెలు లేని చోట ఏమవుతుందో మన దేశంలోనే తేలింది. 1852 ఆగస్టులో సాల్ట్ లేక్ నగరంలో జరిగిన సభలో వంద మందికి పైగా మిషనరీలను ఒక్కసారిగా ప్రపంచం నలుమూలలకూ పిలిచారు. అదే సభలో బహుభార్యాత్వం తమ ఆచారమని మొదటిసారి బహిరంగంగా ప్రకటించారు. ఈ రెండు వార్తలూ ఒకే ఓడలో ప్రయాణించాయనుకోవచ్చు. శాన్ ఫ్రాన్సిస్కోలో ఓడెక్కిన పదమూడు మంది, తొమ్మిది మంది హిందూస్థానానికి, నలుగురు సయాముకు అని బయల్దేరి, 1853 ఏప్రిల్‌లో కలకత్తాలో దిగారు. వాళ్లలో రిచర్డ్ బాలంటైన్ అదే ఏడు మద్రాసు చేరాడు. యూటాలో ఆదివారపు బడిని మొదలుపెట్టిన మనిషి ఈయనే. మద్రాసులో ఒక చిన్న పత్రిక కూడా అచ్చు వేయించాడు. కానీ డబ్బు సంచీ లేకుండా తిరిగే పద్ధతి ఇక్కడ ఎవరి మీద ఆధారపడాలి? తెల్లదొర చేయి చాచి వస్తే పెట్టడం అటు కంపెనీ ఉద్యోగులకు పరువు తక్కువ, ఇటు ఊరివాళ్లకు అర్థం కాని విషయం. ఎక్కువగా ఇంగ్లీషులోనే బోధించారు కాబట్టి విన్నవాళ్లు సిపాయి శిబిరాల్లోని తెల్లవాళ్లు, గుమాస్తాలు. శిబిరాల్లోకి రానివ్వని అధికారులూ ఉన్నారు. వీళ్లకన్నా ముందు కలకత్తా పరిసరాల్లో చేరిన కొందరు రైతులు నిలవలేదు. 1856కల్లా ఆ తరం మిషనరీలు దేశం విడిచారు. మిగిలింది వేళ్ల మీద లెక్కపెట్టగలిగిన సభ్యులు.

ఆ సమయానికే హవాయి దీవుల్లో ఇంకో కథ నడుస్తోంది. 1850 డిసెంబరులో పదిమంది అక్కడికి చేరారు. తాము వచ్చింది తెల్లవాళ్లకు బోధించడానికే అనుకున్నారు కొందరు, వినే తెల్లవాళ్లు లేకపోయేసరికి తిరుగుదారి పట్టారు. ఇరవై మూడేళ్ల జార్జ్ కానన్ మాత్రం ఈ మనుషుల భాష నేర్చుకుంటానని ఉండిపోయాడు. మౌయీ ద్వీపంలోని స్థానిక న్యాయాధికారి జొనాథన్ నపేలా ఇంట్లో కూర్చుని, ఆయన సాయంతో మోర్మన్ గ్రంథాన్ని హవాయి భాషలోకి తెచ్చాడు. 1855లో అది అచ్చయింది. మద్రాసుకూ మౌయీకీ తేడా విశ్వాసంలో లేదు, అది రెండు చోట్లా నిండుగానే ఉంది. తేడా నాలుకలో ఉంది, ఆతిథ్యంలో ఉంది. పరాయి ఊళ్లో ఏళ్ల తరబడి ఉండి, వాళ్ల అన్నం తిని, వాళ్ల మాట నేర్చుకోవడం అనే పని కానన్‌ను ఏం చేసిందో సంఘం గమనించింది. అతను తర్వాత సంఘపు అత్యున్నత మండలిలో దశాబ్దాల పాటు కూర్చున్నాడు. 1854లో అదే ద్వీపానికి వచ్చిన మరొక కుర్రాడి సంగతి ఇంకా చెప్పుకోదగ్గది. జోసెఫ్ ఎఫ్. స్మిత్‌కు అప్పటికి పదిహేనేళ్లు. తండ్రిని అల్లరిమూక చంపింది, తల్లి రెండేళ్ల కిందటే పోయింది. బళ్లో చెల్లెల్ని కొట్టబోయిన పంతులు మీద తిరగబడి చేయి చేసుకున్నాడు. బడి మానిపించి మిషన్‌కు పంపారు. ఆ దుడుకు కుర్రాడే 1901లో సంఘాధ్యక్షుడయ్యాడు. పంపినవాళ్ల మనసులో హవాయి ప్రజల ఉద్ధారం ఎంత, ఈ అనాథను దారిలో పెట్టాలన్న తాపత్రయం ఎంత అని తూకం వేయడం కష్టం. రెండూ ఉన్నాయనే నా ఊహ.

ఆ రెండో ఉద్దేశం వచ్చే యాభై ఏళ్లలో నెమ్మదిగా ముందుకొచ్చింది. నడివయసు సంసారులు తగ్గారు, పెళ్లికాని యువకులు పెరిగారు. 1898 ఏప్రిల్‌లో ఇనెజ్ నైట్, జెన్నీ బ్రిమ్‌హాల్ అనే ఇద్దరు అవివాహిత యువతులు ఇంగ్లండులో దిగారు, వాళ్లతో స్త్రీలకూ అధికారికంగా దారి తెరుచుకుంది. ఇక్కడే సమస్య మొదలైంది. నలభైకి చేరువైన కింబాల్‌కు బైబిలు, లోకం, కష్టం, అన్నీ తెలుసు. పందొమ్మిది, ఇరవయ్యేళ్ల వాడికి ఏం తెలుసు? అతనికి ముందు ఎవరైనా నేర్పాలి. 1925లో సాల్ట్ లేక్‌లో ‘మిషన్ హోమ్’ తెరిచి, బయల్దేరే ముందు కొద్ది రోజుల తర్ఫీదు మొదలుపెట్టారు. 1937 ప్రాంతంలో అమెరికా దక్షిణ రాష్ట్రాల మిషన్ అధ్యక్షుడు లెగ్రాండ్ రిచర్డ్స్ ఏది ముందు, ఏది వెనక చెప్పాలో వరసగా రాసి కుర్రాళ్ల చేతుల్లో పెట్టాడు. 1952లో సంఘమంతటికీ ఒకే బోధనాక్రమం వచ్చింది. 1961లో ఆరు పాఠాల ‘ఏకరూప పద్ధతి’ వచ్చింది. ఈ పాఠాలు నాటకంలా సంభాషణగా ఉండేవి: మిషనరీ అడిగే ప్రశ్న, ‘బ్రౌన్’ అనే ఊహాశ్రోత చెప్పబోయే జవాబు, దానికి మిషనరీ తిరుగుమాట. ఫ్లానెల్ గుడ్డ అతికించిన పలక మీద ఒక్కో బొమ్మా అంటిస్తూ చెప్పుకుపోవాలి. టీ, కాఫీ, పొగాకు, మద్యం మానడం దగ్గర్నుంచి ఆదాయంలో పదోవంతు ఇవ్వడం దాకా అన్నీ అందులో ఉంటాయి. మొత్తం కంఠస్థం, అదీ ఏ దేశానికి వెళితే ఆ భాషలో. 1961 చివర్లోనే ప్రోవోలో విదేశీ భాషల శిక్షణ మొదలైంది. వీసాలు ఆలస్యమై ఆగిపోయిన కుర్రాళ్లకు స్పానిష్ నేర్పడంతో మొదలైన ఆ చిన్న తరగతి 1978కల్లా మిషనరీ శిక్షణ కేంద్రమైంది. 1837లో కింబాల్ నోటికొచ్చింది చెప్పాడు. 1961లో పందొమ్మిదేళ్లవాడు నోటికి వచ్చినదాన్ని చెప్పాడు. మన భాషలో ఈ రెండు మాటలకూ ఉన్న దూరమే ఆ నూట పాతికేళ్ల ప్రయాణం.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఆసక్తి చూపిన గృహస్థుడు ఆ ఆరు పాఠాలు ఒక్కసారి వింటాడు, కొన్ని వారాల్లో అయిపోతుంది. ఇక మిషనరీ సంగతి? రెండేళ్లలో ఒకటో పాఠం వందల సార్లు చెబుతాడు. ప్రతి పాఠం చివరా ‘ఇది నిజమని నాకు తెలుసు’ అని తన నోటితో సాక్ష్యం ఇస్తాడు. పొద్దున చదవడం, మధ్యాహ్నం చెప్పడం, సాయంత్రం జంటతో కూర్చుని ఎక్కడ తడబడ్డామో చూసుకోవడం, రాత్రి ప్రార్థన. ఈ పాఠాలను అందరికన్నా ఎక్కువసార్లు విన్న చెవులు చెప్పినవాడి చెవులే. ఇందులో మోర్మన్లు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. 1738లో, తర్వాత మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ తనకే విశ్వాసం లేనప్పుడు బోధించడం ఎందుకని మథనపడితే, విశ్వాసం కలిగేదాకా దాన్నే బోధించు, కలిగాక అది ఉంది కనుక బోధిస్తావు అన్న అర్థంలో మొరావియన్ బోధకుడు పీటర్ బోలర్ సలహా చెప్పాడు. వెస్లీకి ఒక స్నేహితుడు చెప్పిన ఉపాయాన్ని మోర్మన్లు వేల మందికి వేళల పట్టికగా మార్చారు. ఎనభయ్యో దశకంలో వాళ్ల నాయకుల్లో ఒకరైన బాయ్డ్ ప్యాకర్ ఈ సంగతి దాచుకోకుండానే చెప్పాడు: సాక్ష్యం ఇస్తుండగానే సాక్ష్యం దొరుకుతుందని.

దీనికి బాగా సరిపోయే ఉదాహరణ మళ్లీ ప్రెస్టన్‌లోనే ఉంది. 1933లో, ఆర్థికమాంద్యం నడుస్తున్న రోజుల్లో, గోర్డన్ హింక్లీ అనే యువకుణ్ణి సరిగ్గా అక్కడికే పంపారు. 96 ఏళ్ల కిందట పది రోజుల్లో నదిలో తొమ్మిది మందిని ముంచిన ఊరు. ఇప్పుడు సంతలో నిలబడి మాట్లాడితే వినే నాథుడు లేడు, తలుపులు మొహం మీదే మూసుకుంటున్నాయి. నా టైమూ మీ డబ్బూ దండగ చేస్తున్నానని అతను తండ్రికి ఉత్తరం రాశాడు. తండ్రి నుంచి వచ్చిన జవాబు రెండు ముక్కలు: నిన్ను నువ్వు మరిచిపో, పని చేయి. ఆ ఉత్తరం చదివి మోకాళ్లూని ప్రార్థించిన రోజునే తన జీవితం మలుపు తిరిగిన రోజుగా హింక్లీ తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. 1995లో సంఘాధ్యక్షుడయ్యాడు. బాప్తిస్మాల ఖాతాలో చూస్తే ప్రెస్టన్‌లో అతని రోజులు గొప్పగా ఏమీ లేవు. సంఘం ఖాతాలో మాత్రం అంతకన్నా లాభసాటి రోజులు అరుదు. తండ్రి సలహాలో మూసిన తలుపుల ప్రస్తావన లేదు, కొడుకు ప్రస్తావనే ఉంది. ఇదీ గమనించదగ్గది.

ఇంతవరకూ విన్నవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. 1947లో పది లక్షలున్న సంఘం 1997కి కోటి దాటింది. ఆ కోటిమంది ఎక్కడి నుంచి వచ్చారు? మిషనరీలు మార్చుకున్నది తమనే అయితే ఈ పెరుగుదల ఏమిటి? న్యాయమైన ప్రశ్నే. పెద్ద కుటుంబాల్లో పుట్టిన పిల్లలు కొంత, మతం మారినవాళ్లు చాలా. అందులో మిషనరీల శ్రమ లేదనడం అబద్ధం. కానీ ఆ శ్రమ ఎక్కడ ఫలించింది అన్నది చూడాలి. సామాజికశాస్త్రవేత్తలు రాడ్నీ స్టార్క్, విలియం బేన్‌బ్రిడ్జ్ 1980లో ప్రచురించిన అధ్యయనంలో వాషింగ్టన్ రాష్ట్రపు మిషన్ లెక్కలు ఉన్నాయి. ముక్కూ మొహం తెలియని తలుపు తడితే వెయ్యికి ఒక్కరు చేరారు. మోర్మన్ అయిన స్నేహితుడి ఇంట్లో పరిచయం జరిగితే ఇద్దరిలో ఒకరు. అంటే మిషనరీ రోజులో ఎక్కువ గంటలు మింగేసే పని, అన్నిటికన్నా తక్కువ ఫలితమిచ్చే పని, రెండూ ఒకటే. ఈ సంగతి శాస్త్రవేత్తలు చెప్పేదాకా సంఘానికి తెలియదా? సభ్యులు తమ స్నేహితులను పరిచయం చేయాలని వాళ్లు దశాబ్దాలుగా పోరుతూనే ఉన్నారు. తెలిసి కూడా తలుపులు తట్టించడం మానలేదంటే, ఆ తట్టడం వల్ల వేరే ప్రయోజనం ఏదో నెరవేరుతోందనుకోవాలి.

మిషనరీ అసలు వెళ్లని చోట ఏం జరిగిందో చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. నైజీరియాలో, ఘనాలో కొందరు ఎక్కడో దొరికిన పుస్తకాలు, కరపత్రాలు చదివి, 1960ల్లోనే ఆ సంఘం పేరుతో సొంతంగా ఆరాధనలు నడుపుకున్నారు. మనుషుల్ని పంపమని సాల్ట్ లేక్‌కు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. నల్లజాతి పురుషులకు యాజకత్వం ఇవ్వరాదన్న నిషేధం అడ్డుండి ఏళ్ల తరబడి అక్కడ మిషన్ తెరవలేదు. ఆ నిషేధం ఆ సంఘ చరిత్రలో చెరిగిపోని మచ్చ. 1978 జూన్‌లో దాన్ని ఎత్తేశాక, నవంబరులో వయసు మళ్లిన రెండు జంటలు అక్కడ దిగితే ఏడాదిలో వెయ్యిమందికి పైగా బాప్తిస్మం పొందారు. పదిహేనేళ్లుగా వాళ్లను నిలబెట్టింది ఆరున్నరకు లేచే పట్టికేమీ కాదు. అదే 1978 డిసెంబరులో హైదరాబాదు కథ మొదలైంది. సమోవాలో ఉంటూ ఈ విశ్వాసం పుచ్చుకున్న తెలుగు దంపతులు ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు కొద్దికాలపు మిషనరీలుగా సొంత ఊరికి వచ్చారు. 22 మంది బంధువులు బాప్తిస్మం పొందారు. మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చింది ఎల్సీ తండ్రి, ఆయన మరో సంఘంలో పాస్టరు. 1982లో ఎంపిక చేసిన భాగాలు తెలుగులో అచ్చయ్యాయి. బెంగళూరు కేంద్రంగా మిషన్ 1993లో ఏర్పడితే, దేశంలోకెల్లా మొదటి ‘స్టేక్’, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం, 2012లో హైదరాబాదులో వెలిసింది. 1853లో ఓడ దిగిన పరాయివాళ్లు మద్రాసులో చేయలేని పనిని ఇక్కడ చుట్టరికం చేసింది. ప్రెస్టన్‌లో అన్నదమ్ముల ఉత్తరాలు చేసిన పని కూడా ఇదే కదా.

ఇంకో అభ్యంతరం దీనికన్నా బరువైనది. ఈ వాదన నిజమైతే, తలుపు తెరిచిన ముసలమ్మ, సంతలో నిలబడి విన్న కూలీ, వీళ్లంతా ఒక అమెరికా కుర్రాడి వ్యక్తిత్వవికాసానికి సాధనసామగ్రి అయ్యారన్నమాట. ఆ అపచారం జరగలేదని చెప్పలేను. 1960ల మొదట్లో బ్రిటన్‌లో అంకెల ఒత్తిడి పెరిగి, టీనేజి కుర్రాళ్లను బేస్‌బాల్ జట్టులో చేర్చుకుంటామని పోగుచేసి, చేరడానికి షరతుగా బాప్తిస్మం ఇచ్చిన ఉదంతాలు ఉన్నాయి. ఆ పేర్లు రాసుకున్నంత వేగంగానే తర్వాత కొట్టేయాల్సి వచ్చింది. ‘బేస్‌బాల్ బాప్తిస్మాలు’ అని సంఘ చరిత్రకారులే ఎగతాళిగా పిలిచే ఈ ఘట్టంలో బలైంది బ్రిటిష్ కుర్రాళ్లొక్కరే కాదు, కోటా కోసం తన సాక్ష్యాన్ని తానే చవక చేసుకున్న మిషనరీ కూడా. కానీ దీన్ని పట్టుకుని మొత్తం కథను కొట్టేస్తే ఒక సంగతి జారిపోతుంది. బయటివాణ్ణి సాధనంగా చూసిన చోటల్లా లోపలి ఫలితం కూడా చెడింది. హింక్లీకి తండ్రి చెప్పింది నిన్ను నువ్వు బాగుచేసుకో అని కాదు, నిన్ను మరిచిపో అని. గృహస్థుడి మీద నిజమైన ధ్యాస ఉన్నప్పుడే తట్టినవాడిలో మార్పు వస్తుంది. తన మార్పు కోసమే తట్టేవాడు ఊరికే వ్యాయామం చేసి తిరిగొస్తాడు.

చిలకపలుకుల విశ్వాసం విశ్వాసమా అని ఎదురుపడే ప్రశ్న మనకు కొత్త కాదు. ఎక్కాలు, శతకాలు, అమరం వల్లెవేయించిన సంస్కృతి మనది. అర్థం తెలియకుండా నోటికి వచ్చిన పద్యం నలభయ్యో ఏట ఒకరోజు తనంతట తాను విచ్చుకోవడం మనవాళ్లకు తెలుసు. ఎన్నటికీ విచ్చుకోని పద్యాలూ ఉంటాయని కూడా తెలుసు. కాబట్టి ఈ విమర్శలో సగం ఒప్పుకోవాలి. సంఘమూ ఒప్పుకుంది. 1986 నాటి పాఠాల్లో పదం పదం అప్పజెప్పడం సడలింది. 2004లో ‘నా సువార్త ప్రకటించుడి’ అన్న కొత్త కరదీపిక వచ్చాక బట్టీ పూర్తిగా పోయింది, సొంత మాటల్లో చెప్పమన్నారు. అయినా వేళల పట్టిక పోలేదు, జంట పోలేదు, రోజూ నోరు తెరిచి సాక్ష్యం చెప్పడం పోలేదు. వదిలేసినదాన్నీ ఉంచుకున్నదాన్నీ పక్కపక్కన పెడితే వాళ్లకు ఏది ప్రాణమో తెలుస్తుంది. శ్రోత చెవిన పడే మాటల వరస మార్చుకోవచ్చు, చెప్పేవాడి రోజు మాత్రం మారకూడదు. ఆ రోజును తట్టుకోలేక మధ్యలో ఇంటికి వచ్చేసినవాళ్లూ ఉన్నారు. ఊరంతా ‘మిషన్ చేసొచ్చాడా’ అని అడిగే సమాజంలో వాళ్ల మొహం చెల్లనితనం చిన్న బాధ కాదు. ఏ కర్మాగారమైనా పనితనంతో పాటు తుక్కునూ తయారుచేస్తుంది, తేడా ఏమిటంటే ఇక్కడ తుక్కు అని పక్కన పడేసేది మనిషిని.

2012 అక్టోబరులో మిషన్‌కు వెళ్లే వయసు అబ్బాయిలకు 19 నుంచి 18కి, అమ్మాయిలకు 21 నుంచి 19కి తగ్గించారు. 2012 చివర 58,990 మంది ఉన్న మిషనరీలు 2014 చివరకు 85,147 అయ్యారు, అంటే 44 శాతం పెరుగుదల. ఆ మధ్యకాలంలో ఏడాదికి మతం మారినవాళ్ల సంఖ్య 2,72,330 నుంచి 2,96,803కు, 9 శాతమే పెరిగింది. మరుసటేడు 2,57,402కు దిగింది. మామూలు వ్యాపారమైతే ఈ లెక్క చూసి గొడవ జరిగేది. వయసు తిరిగి పెంచుదామన్న మాట మాత్రం వినిపించలేదు, ఎందుకంటే బడి వదిలి కాలేజీకి వెళ్లే లోపు పిల్లలు చేజారే ఖాళీని ఆ మార్పు పూడ్చింది. ముఖ్యంగా అమ్మాయిలు వెల్లువలా బయల్దేరారు.

ఆ తర్వాత మాత్రం వాళ్లు నిజంగా కీలకమైన భాగాన్నే కదిపారు. అంతవరకూ మిషనరీ ఇంటికి ఫోను చేయగలిగేది ఏడాదికి రెండే రోజులు, క్రిస్మస్‌నాడూ తల్లుల దినంనాడూ. మిగతా అంతా ఉత్తరాలే, తర్వాత వారానికో ఈమెయిల్. ఇంటిమీద బెంగ పెట్టుకున్నవాణ్ణి వాళ్ల పరిభాషలో ‘ట్రంకీ’ అంటారు, మనసులో అప్పుడే ట్రంకుపెట్టె సర్దేసుకున్నవాడని. ఆ బెంగను వేరే దారి లేకుండా ప్రార్థనలోకీ, జంటలోని రెండోవాడి వైపుకీ, పనిలోకీ మళ్లించింది ఈ ఎడబాటే. 2019 ఫిబ్రవరి నుంచి వారం వారం ఇంటికి ఫోనూ వీడియోకాలూ చేసుకోవచ్చన్నారు. పిల్లల మానసిక ఆరోగ్యం దృష్ట్యా అది దయగల నిర్ణయమే, నాకు దానితో పేచీ లేదు. కానీ ప్రెస్టన్‌లోని యువకుడు ఆ రాత్రే వీడియోలో తండ్రి ముందు కన్నీళ్లు పెట్టుకుని ఉంటే, రెండు ముక్కల జవాబు కోసం వారాల తరబడి ఎదురుచూడాల్సిన అవసరం ఉండేది కాదు. వుడ్రఫ్ డైరీ రాసుకున్నాడు, కానన్ జ్ఞాపకాలు రాశాడు, హింక్లీ ఇంటికి ఉత్తరం రాశాడు. తలుపు బయట నిలబడ్డవాడి లోపల ఏం జరిగిందో చెప్పడానికి మనకున్న ఆధారాలన్నీ ఆ కాగితాలే. ఇప్పటివాళ్లు వారానికోసారి అమ్మతో మాట్లాడి ఫోను పెట్టేస్తున్నారు.